గాజుతొట్టిలో చేపల పొత్తు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము విన్నంతనే మీలో కొందఱికి నవ్వు రావచ్చును. పట్టణపు ఇండ్లలో గాజుతొట్టియందు నీటిమొక్కలు నాటి, వేలెడంత చేపలను పెంచు వేడుక యొకటి కలదు. అట్టి తొట్టిలో ఏ చేపకు ఏ చేపతో పొత్తు కుదురునో చెప్పదలచితిని. "చెఱువులు గల మాకు ఈ తొట్టిచేపల గొడవ యెందుకు?" అని మీరడుగుట న్యాయమే. దానికి నా కడ రెండు సమాధానము లున్నవి.

మొదటిది: మీ కొడుకులును కూతుండ్రును పలువురు నేడు హైదరాబాదు తూర్పుకొసన కాపురమున్నారు. నల్లగొండ, సూర్యాపేట దారిని వచ్చు బస్సులు మనలను మొదట దింపునది ఎల్.బీ.నగర్ కూడలియందే. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన ఆ నగరమున మెట్రో రైలెక్కి, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటినచో దిల్‌సుఖ్‌నగర్ వచ్చును. ఈ నడుమనున్న ఇండ్లలో మనుమలను చూడబోయినప్పుడు వారు మన చేయి పట్టుకొని మొట్టమొదట చూపునది తఱచుగా ఈ గాజుతొట్టియే. చేపను గూర్చి తాత కంతయు తెలియునని వారి నమ్మకము. ఆ నమ్మకమును నిలుపుకొనవలెను గదా! ఇక రెండవ సమాధానమును చివర చెప్పెదను. అది నా తప్పు నేనొప్పుకొనుట.

నాది మూసీ యొడ్డున, వలిగొండ ప్రాంతమునందలి పల్లె. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. 2019 వేసవిలో కొత్తపేటయందున్న మా కుమారుని యింటికి పోతిని. ఎనిమిదేండ్ల మనుమడు చేపలతొట్టి కావలెనని పట్టుపట్టెను. తాతయు మనుమడును కలసి ఒక అంగడికి పోయి, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిని కొంటిమి. దానిలో పట్టు నీరు సుమారు 54 లీటర్లు. ఇసుకయు ఱాళ్లును పోగా ఇంకను తక్కువ. అందులోనికి అంగడివాడు చూపినవెల్ల కొంటిమి. నీలిగీతతో మెఱయు నియాన్ టెట్రాలు పది, తెరచాపవంటి రెక్కలు గల ఏంజెల్ చేపలు రెండు, నల్లపట్టెల టైగర్ బార్బులు నాలుగు, గోల్డ్ ఫిష్ జంట యొకటి. ఇవి గాక, "తొట్టిని ఇదే శుభ్రము చేయును" అని చెప్పి యిచ్చిన అంగుళమున్నర నల్లచేప యొకటి. "ఇవన్నియు కలసియుండునా?" అని యడిగితిని. "అన్నియు కలసియే యుండును" అని అతడు పలికెను. ఆ సాయంకాలమే కుళాయి నీటితో తొట్టి నింపి చేపలను విడిచితిమి.

పది దినములలో నీరు పాలవలె తెల్లబడి సగము టెట్రాలు చచ్చెను. గోల్డ్ ఫిష్ జంట నాటిన మొక్కల నెల్ల పెకలించివైచెను. టైగర్ బార్బులు ఏంజెల్ చేపల వ్రేలాడు రెక్కలను కొఱికి పీలికలు చేసెను. కొన్ని నెలలకు ఏంజెల్ చేపలు పెరిగి, మిగిలిన టెట్రాలను రాత్రివేళ ఒక్కొక్కటిగా మ్రింగెను. దసరా నాటికి తొట్టిలో మిగిలినది ఆ నల్లచేప యొక్కటే. నాడు మనుమడు నన్నడిగిన మాట నేటికిని నా చెవిలో నున్నది. "తాతా, నేను సరిగ్గా చూసుకోలేదా?" అని వాడడిగెను. వాడు రోజును మేత వేసెను, దీపము వెలిగించెను. తప్పు వానిది కాదు. చేపలను కొనక ముందే జరిగిపోయిన తప్పు అది. పల్లెలో పుట్టి చెఱువు నెఱిగిన నాకు ఆ సంగతి తట్టకపోవుటయే వింత.

ఏలయన, చెఱువునందు మనము ఈ పొరపాటు చేయము. చేపపిల్లలను విడుచునపుడు బొచ్చెను, రవ్వను, మ్రిగాలను కలిపి విడుచుట మీరెఱిగినదే. రవ్వను కొందఱు శీలావతి యందురు, మ్రిగాలను ఎఱ్ఱమోసందురు. బొచ్చె పైనీటను, రవ్వ నడిమినీటను, మ్రిగాల అడుగునను మేయును. ఒకదాని మేత నొకటి దోచుకొనదు. ఆ పిల్లల నడుమకు కొఱ్ఱమీనును విడుతుమా? విడువము. 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగా గౌరవము పొందిన కొఱ్ఱమీను మనకెంత ప్రియమైనను, అది యితర చేపపిల్లలను తిను జాతి యని మనమెఱుగుదుము. ఈ చెఱువు నీతినే తొట్టికిని పట్టించినచో చాలును. నేను దానిని మూడు మాటలుగా గుర్తుంచుకొందును: నీరు, నోరు, నడవడి.

మొదట నీరు. చేప అందమునకు ముందు మన యింటి నీటిని చూడవలెను. ఎల్.బీ.నగర్ వైపు ఇండ్లకు రెండు విధముల నీరు వచ్చును. ఒకటి ఱాతిపొరల నడుమనుండి తోడు బోరునీరు. అది తఱచుగా గట్టినీరు, అనగా సున్నపుపాలు మెండుగా గలది. బాల్చీ అంచున తెల్లని పొర కట్టుచున్నచో అదియే గుర్తు. రెండవది కృష్ణానీరు. నాగార్జునసాగరపు జలము 2004లో నగరమునకు రాసాగెను. అది చేరు సాహెబ్‌నగర్ జలాశయము ఎల్.బీ.నగరమునకు చేరువనే యున్నది. గట్టినీటిలో గప్పీ, మాలీ, ప్లాటీ యను చేపలు సుఖముగా నుండును. నియాన్ టెట్రా అమెజాను నది పైపాయల చేప. దానికి మెత్తని నీరు కావలెను. బోరునీట దానిని పెంచబూనుట, వరిని చౌటినేలలో నాటుటవంటిది. నీటి గుణమును తెలుపు కాగితపు పట్టీలు చేపల అంగళ్లలో దొరకును. వాని రంగు చూచి చేప నెన్నుకొనవలెనే గాని, చేపను చూచి నీటిని మార్చబూనరాదు.

కుళాయి నీటిలో క్లోరిను కలియును. అది మనకు మేలు, చేప మొప్పలకు కీడు. వెడల్పు బాల్చీలో ఒక దినము తెఱచియుంచినచో క్లోరిను పోవును. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. క్రొత్త తొట్టి చేపలకు వెంటనే నివాసయోగ్యము కాదు. చేపల మలమునుండి అమోనియా పుట్టును, అది విషము. కంటికి కానరాని సూక్ష్మజీవులు కొన్ని దానిని నైట్రైటుగను, మఱికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రైటును విషమే, నైట్రేటు మాత్రము మొక్కలకు ఎరువగును. ఈ సూక్ష్మజీవులు ఇసుకలోను వడపోత యంత్రములోను స్థిరపడుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. క్రొత్తగా కలిపిన ఎరువు మాగక ముందే నారు నాటినచో వేళ్లు మాడునట్లే, మా తొట్టిలోని టెట్రాలు మాడిపోయెను. ముందు మొక్కలు నాటి, నీటిని మాగనిచ్చి, పట్టీతో అమోనియా లేదని చూచుకొని, పిదప నాలుగైదు చేపలతో ఆరంభింపవలెను. తక్కినవానిని వారముల తరబడి వ్యవధి యిచ్చి చేర్చుకొనవచ్చును.

మొక్కలలోను ఓపికగలవి మేలు. మన చెఱువులలోని నాచుజాతి హైడ్రిల్లా, పొడవాటి పట్టీలవంటి ఆకులు గల వాలిస్‌నేరియా, ఱాతికో కఱ్ఱకో కట్టియుంచదగిన అనూబియాస్, జావా ఫెర్న్ అనునవి తక్కువ వెలుతురులోను బ్రతుకును. ఇవి అమోనియాను పీల్చుకొనును, చిన్నచేపలకు చాటు నిచ్చును. చాటులేని తొట్టిలో బెదరు చేప యెన్నడును స్థిమితపడదు.

రెండవది నోరు. నోటిలో పట్టినది మేత యని చేప తలంచును. ఇది క్రూరత్వము కాదు, దాని స్వభావము. కాబట్టి చేప ఇప్పు డెంతయున్నదో కాదు, పెరిగినపు డెంతయగునో అడుగవలెను. అంగడిలో రూపాయి బిళ్లంత యున్న ఏంజెల్ అరచేతినంత పెరుగును. అపుడు అంగుళమున్నర టెట్రా దానికి కబళమే. గోల్డ్ ఫిష్ చైనాదేశపు చేప. అది మృగాలకు దూరపు చుట్టము. అడుగుకు చేరువగా పెరుగగలదు, మెండుగా మలము విడుచును, మొక్కలను త్రవ్వును. రెండడుగుల తొట్టి దానికి ఇల్లు కాదు, చెఱసాల. గప్పీ తల్లి తాను కన్న పిల్లలనే తినును; నాచు దట్టముగా నున్నచో కొన్ని పిల్లలు దక్కును. అయితే దక్కిన పిల్లలతో తొట్టి నెలలలోనే క్రిక్కిఱియును. అందుచే గప్పీలలో మగవానిని మాత్రమే కొనుట తెలివి.

మూడవది నడవడి. కొన్ని చేపలు మందగా బ్రతుకును. వానిని ఒకటి రెండు కొని తెచ్చినచో బెదరి మూల నక్కును, లేదా తోడి చేపలను వేధించును. అట్టివానిని ఆఱింటికి తక్కువ తేరాదు. టైగర్ బార్బు మందలో నున్నపుడు తమలో తాము తఱుముకొని కాలము గడపును. అప్పటికిని పొడవు రెక్కల చేపను చూచిన ఊరకుండలేదు. సయాము దేశపు ఫైటర్ చేప, అనగా బెట్టా, మగవి రెండొకచోట నున్న చచ్చువఱకు పోరాడును. దానికి రంగురంగుల తోక గల గప్పీయు శత్రువువలె తోచును. అది మన కొఱ్ఱమీనువలె పైకి వచ్చి గాలి పీల్చుకొనును గనుక చిన్నతొట్టిలో ఒంటరిగా మొక్కల నడుమ సుఖించును. ఒంటరివానిని ఒంటరిగాను, గుంపువానిని గుంపుగాను ఉంచుటయే న్యాయము.

ఇన్ని చెప్పి, ఏవి కొనవలెనో చెప్పకున్న మీరు నన్ను విడువరు. బోరునీరు గల యింట, రెండడుగుల తొట్టికి మగ గప్పీలు ఎనిమిది చాలును. కృష్ణానీరు గల యింట మూడంతస్తుల పొత్తు కుదుర్చవచ్చును. పైనీట హనీ గౌరామి జంట యొకటి. ఇది మన దేశపు చేపయే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ ప్రకటించిన గంగానది చేపల గ్రంథమున వర్ణింపబడినది. నడిమినీట సింహళమునుండి వచ్చిన చెర్రీ బార్బులు ఎనిమిది. అవి రెండంగుళములకు మించవు, ఎవరి జోలికిని పోవు. అడుగున మెత్తని ఇసుకపై మీసములతో మేత వెదకుకొను కోరిడోరస్ చేపలు ఆఱు. బొచ్చె, రవ్వ, మృగాలల పొత్తు ఇచట చిన్న రూపున కానవచ్చును. ఇంతకు మించి ఒక్క చేపయు వలదు. వేసవిలో నీరు వేడెక్కినకొలది దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును. లీటరు నీటిలో 20 డిగ్రీలకడ సుమారు 9 మిల్లీగ్రాములు నిలుచునది 30 డిగ్రీలకడ ఏడున్నరకు దిగును. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నమున క్రిక్కిఱిసిన తొట్టి యేమగునో మీరే యూహింపుడు.

ఇక రెండవ సమాధానమునకు వచ్చితిని. మా తొట్టిలో మిగిలిన నల్లచేప సంగతి చెప్పవలసి యున్నది.

దానిని అంగళ్లలో సక్కర్ చేప యందురు. అది దక్షిణ అమెరికా నదులలోనిది. ఒంటిపై గట్టి యెముక పలకలు కవచమువలె నుండును, రెక్కలకు ముండ్లుండును. గాజుకు నోరానించి పాచి గీకును గనుక తొట్టిని శుభ్రము చేయునని యమ్ముదురు. నిజమునకు అది గీకిన పాచికంటె విడుచు మలమే ఎక్కువ. మూడేండ్లలో అది అడుగు పొడవైనది. తొట్టిలో తిరుగుటకు చోటు లేకపోయెను. 2022లో నేను దానిని బాల్చీలో వేసికొని సరూర్‌నగర్ చెఱువునకు పోతిని. ఆ చెఱువు దిల్‌సుఖ్‌నగరమునకును ఎల్.బీ.నగరమునకును నడుమ నున్నది. 1626లో కట్టినదని చెప్పుదురు. గట్టున కూర్చుండి, బాల్చీ వంచి, "పోయి సుఖముగా బ్రతుకుము" అని ఆ చేపను నీట విడిచితిని. ఒక ప్రాణిని చెఱనుండి విడిపించితినని తృప్తితో ఇల్లు చేరితిని. ఆ రాత్రి నాకు చక్కగా నిద్ర పట్టెను.

మఱుసటి వేసవిలో మా పల్లె చెఱువు నీరు తగ్గగా బెస్తలు వలలు వేసిరి. నేను గట్టున నుంటిని. వారిలో ఒక ముసలివాడు నన్ను పిలిచి, వల మధ్య చిక్కుకొన్న నల్లని చేపను చూపి యిట్లనెను: "పెద్దయ్యా, గిదేం చేపో ఎర్కేనా? వలంత చింపింది. తిననీకె రాదు, అమ్మనీకె రాదు." నాకు తెలియును. దాని పలకలును ముండ్లును వలలో పెనగి, ఆ పేదవాని క్రొత్తవలకు మూరెడు చిఱుగు పెట్టియున్నవి. ఆ చేప నేను విడిచినదే యని చెప్పజాలను. కాదని చెప్పుటకును నాకు నోరు రాలేదు. అతనితో నిజము చెప్పుటకు నాకు రెండు దినములు పట్టెను. చిరిగిన వల వెల నేనిచ్చితిని. అతడు పుచ్చుకొని, "నీకు మాత్రం ఏమెర్క పెద్దయ్యా" అనెను. ఆ మాట నన్ను తిట్టుకంటె ఎక్కువ నొప్పించినది. తెలియదను మాట పంతులుకు చెల్లునా?

సరూర్‌నగర్ చెఱువు నిండి పొరలినచో ఆ నీరు మూసీకి చేరును. 2020 అక్టోబరు వానలకు ఆ చెఱువు చుట్టునున్న వీధులు నీటమునిగిన సంగతి మీరు వినియుందురు. మూసీ మన పల్లెల మీదుగా తూర్పునకు పాఱును. కత్వలనుండి కాలువలు చీలి ఊరూరి చెఱువులను నింపును. మిగిలిన ఏఱు సోలిపేట యానకట్ట దాటి, వాడపల్లికడ కృష్ణలో కలియును. నగరమున బాల్చీలో వంచిన చేపకు మీ చెఱువు వఱకు దారి యున్నదని దీనివలన తెలియుచున్నది. ఆ చేప మగది గట్టున మూరల లోతు బొరియలు త్రవ్వి గ్రుడ్లు కాపాడును. చెఱువుకట్టకు బొరియ యనగా నేమో మీకు నేను చెప్పవలయునా? నీట ప్రాణవాయువు తగ్గినను పైకి వచ్చి గాలి మ్రింగి బ్రతుకును. కొంగ దానిని మ్రింగుటకు జంకును. ఉప్పల్ దారిలోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలో కలిసియుండు డీఎన్‌ఏ ఆనవాళ్లను పరీక్షించి, ఈ చేప తూర్పుకనుమల జలాశయములలో పలుచోట్ల వ్యాపించినదని 2025లో వెల్లడించిరి. 2016 నుండి ప్రభుత్వము ఊరి చెఱువులలో విడుచుచు వచ్చిన చేపపిల్లల మేతకు ఇది పోటీపడును.

ఇట్టిది క్రొత్త సంగతియును కాదు. మన చెఱువులను కప్పివేయు గుఱ్ఱపుడెక్క సైతము దక్షిణ అమెరికానుండి పూవు అందముకొఱకు 19వ శతాబ్దపు చివర వంగదేశమునకు తెచ్చినదే. ఆఫ్రికా మార్పుచేప తోడి చేపల నెల్ల తినివేయుచున్నదని దాని పెంపకమును మన దేశమున 2000లో నిషేధించిరి. వేడుకకో లాభమునకో తెచ్చినది ఒకసారి ఏటిలో కలిసిన తరువాత తిరిగి పట్టుట సాధ్యము కాదు.

అందుచే పెద్దలారా, మీకు నా మనవి యిది. మనుమడు చేపలు కావలెనన్నచో వలదనకుడు. నీటిలో ప్రాణి యెట్లు బ్రతుకునో చూపు పాఠశాల ఆ తొట్టి. వానితోకూడ అంగడికి పొండు. పోయి మూడు ప్రశ్న లడుగుడు. మా యింటి నీరు దీనికి సరిపడునా? పెరిగినపుడు దీని నోరెంత, ఒడలెంత? ఇది ఒంటరిదా, గుంపుదా? మూడింటికిని సమాధానము దొరకక డబ్బు తీయకుడు. "ఇది తొట్టిని శుభ్రము చేయును" అన్న మాట విన్నచో అడుగు వెనుకకు వేయుడు. తొట్టిని శుభ్రము చేయవలసినవారము మనమే. వారమునకొకసారి నాలుగవ వంతు నీరు తోడి, తులసికోటలోనో పూలకుండీలలోనో పోయుడు. మొక్కలకు అది మంచి ఎరువు. పెరిగి చోటు చాలని చేపను అంగడివానికి తిరిగి యిండు, లేదా పెద్దతొట్టి గలవారికి దానము చేయుడు. చెఱువున గాని, కాలువను గాని, బావిలో గాని విడువకుడు. చెఱువులో విడుచుట దయ యని మనకు తోచును. దాని ఫలమును వల వేయువాడు అనుభవించును.

మా యింట నిప్పుడు ఆ తొట్టియే యున్నది. చెర్రీ బార్బులు ఎనిమిది, గౌరామి జంట యొకటి, అడుగున మీసాల చేపలు ఆఱు. రెండేండ్లుగా ఒక్కటియు మఱియొకదాని రెక్క కొఱుకలేదు. మనుమడు పెద్దబడికి పోవుచున్నాడు. మొన్న పండుగకు పోయినపుడు వాని స్నేహితుడొకడు వచ్చి, తాను క్రొత్తగా తొట్టి కొందునని చెప్పి, ఏ చేపలు బాగుండునని యడిగెను. నేను నోరు తెఱవకముందే మావాడు, "ముందు మీ ఇంట్లో వచ్చేది బోరునీరా, కృష్ణానీరా?" అని ప్రశ్నించెను. నాడు దసరాకు వాడడిగిన ప్రశ్నకు నేనియ్యలేని సమాధానమును వాడే నేర్చుకొన్నాడని నాకు తోచినది.